ఇంట్లోనే కవర్ల మీద అడ్రసులు ప్రింట్ చేస్తున్నారా?

పెళ్లి శుభలేఖలు వందల్లో పంపాలంటే అడ్రసులన్నీ చేత్తో రాయడం కష్టమే. అందుకే చాలామంది ఇంట్లోని ప్రింటర్‌నే వాడుతున్నారు. అయితే కవరు మామూలు కాగితం లాంటిది కాదు. దానికి రెండు పొరలు, మడతలు, జిగురు ఉంటాయి. లోపల గాలి కూడా ఉంటుంది. లేజర్ ప్రింటర్‌లో టోనర్ పొడిని కాగితానికి అతికించే ఫ్యూజర్ రోలర్ సుమారు 200 డిగ్రీల సెల్సియస్ వరకు వేడెక్కుతుంది. కవరు ఆ వేడికి ఆగుతుందా అన్నది ముందే చూసుకోవాలి.

చేయవలసినవి

• లేజర్ ప్రింటర్ అయితే, దానికి పనికొస్తాయని ప్యాకెట్ మీద రాసి ఉన్న కవర్లే కొనండి.
• ప్రింటర్‌ను గట్టి బల్ల మీద పెట్టి, ప్లగ్‌ను గోడ సాకెట్‌లోనే పెట్టండి. కిటికీ తెరిచి ఉంచండి.
• కవర్లను ఒకదాన్నుంచి ఒకటి విడదీయండి. అంచులను స్కేలుతో గట్టిగా నొక్కి లోపలి గాలి తీసేయండి.
• సెట్టింగ్స్‌లో ఎన్వలప్ అని ఎంచుకుని సరైన సైజు ఇవ్వండి. పొడవాటి ఆఫీసు కవరు సాధారణంగా 110 × 220 మిల్లీమీటర్లు ఉంటుంది.
• ముందు తెల్లకాగితం మీద ప్రింట్ తీసి, కవరుతో కలిపి వెలుతురుకు పట్టి చూడండి. అడ్రసు కుడివైపు కిందికి రావాలి, స్టాంపు అంటించే కుడి పైమూల ఖాళీగా ఉండాలి. ఆరంకెల పిన్‌కోడ్ తప్పనిసరి. ఆంధ్ర, తెలంగాణలకు అది 5తో మొదలవుతుంది.
• ఒక్కసారే కట్టంతా కాకుండా ఐదారు కవర్ల చొప్పున పెట్టండి.
• ఇంక్‌జెట్ అయితే సిరా బాగా ఆరాకే కవర్లను దొంతర పెట్టండి.

చేయకూడనివి

• ప్లాస్టిక్ కిటికీ, స్టిక్కర్ జిగురు, బంగారు రేకు అచ్చు ఉన్న కవర్లను లేజర్ ప్రింటర్‌లో పెట్టకండి. అవి కరిగి రోలర్‌కు అంటుకోవచ్చు. పిన్నులు, క్లిప్పులు ఉన్నవి ఏ ప్రింటర్‌లోనూ వద్దు.
• శుభలేఖ కవరు నాలుగు మూలలకూ పసుపు ముందే రాయకండి. ఆ పొడి రాలి రోలర్లకు పట్టుకుంటే కాగితం జారిపోతుంది, తర్వాతి కవర్లకూ మరకలు పడతాయి. ప్రింట్ అయ్యాకే పసుపు పెట్టండి.
• కార్డు లోపల ఉంచి ప్రింట్ చేయకండి.
• వానాకాలంలో చెమ్మ పట్టి వంకరపోయిన కవర్లు వాడకండి.
• ప్రింటర్ నడుస్తుండగా పిల్లల్ని దగ్గరికి రానివ్వకండి. చున్నీ, మెడలో గొలుసు, విరబోసిన జుట్టు రోలర్ల దగ్గర వేలాడకూడదు.
• పాడైన కవర్లను అలాగే చెత్తలో వేయకండి. వాటి మీద బంధువుల అడ్రసులుంటాయి కాబట్టి చింపేయండి.

కవరు ఇరుక్కుపోతే

స్విచ్ ఆపి, ప్లగ్ తీసేయండి. లేజర్ ప్రింటర్ అయితే కనీసం అరగంట చల్లారనివ్వండి. తర్వాత రెండు చేతులతో, కాగితం కదిలే దిశలోనే మెల్లగా లాగండి. కత్తి, కత్తెర, హెయిర్‌పిన్ లోపల పెట్టొద్దు. చిరిగితే ముక్కలన్నీ బయటికొచ్చాయో లేదో చూడండి. ఫ్యూజర్ దగ్గర మిగిలిన ముక్క మాడుతుంది. టోనర్ ఒలికితే నోటితో ఊదకుండా తడిగుడ్డతో తుడిచి, చేతులు చన్నీళ్లతో కడుక్కోండి. మాడు వాసన వస్తే వెంటనే ప్లగ్ తీసి మెకానిక్‌ను పిలవండి.

ఈ పనిని పోస్టులో వేయాల్సిన రోజుకు పెట్టుకోకండి. తొందరలో ఉన్నప్పుడే వేడి రోలర్ మీద చెయ్యి పడుతుంది. రెండు రోజుల ముందే మొదలుపెడితే చల్లారనివ్వడానికీ, తప్పులు సరిచూసుకోవడానికీ తీరిక దొరుకుతుంది.