ఏ డ్రమ్ము పక్కన ఏ డ్రమ్ము?

సూరత్‌లోని పర్వత్ పాటియా, లింబాయత్ వీధుల్లో తెలుగు మాట తరచుగా వినిపిస్తుంది. మరమగ్గాల పని కోసం తెలంగాణ జిల్లాల నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఇక్కడ స్థిరపడ్డాయి. మగ్గం దిగిన పాలియెస్టర్ బట్ట చీరగా మారాలంటే అద్దకం మిల్లుకు వెళ్లాలి. ఆ మిల్లు గోదాములో కాస్టిక్ సోడా, ఎసిటిక్ ఆమ్లం, 'హైడ్రోస్' అని పిలిచే సోడియం హైడ్రోసల్ఫైట్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటి రసాయనాలు ఉంటాయి. విడివిడిగా, జాగ్రత్తగా వాడితే అన్నీ పనికొచ్చేవే. ఒకదానితో ఒకటి కలిసినప్పుడే అసలు చిక్కు.

ఆ చిక్కు ఎంత దారుణమైనదో సూరత్‌కు తెలుసు. 2022 జనవరి 6 తెల్లవారుజామున నగర శివారులోని సచిన్ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకర్ నుంచి రసాయన వ్యర్థాన్ని కాలువలోకి వదిలారు. వెలువడిన విషవాయువుకు పక్కనే ఉన్న మిల్లులో పనిచేస్తున్న ఆరుగురు కార్మికులు బలయ్యారు. ఇది గోదాములో జరిగిన ప్రమాదం కాదు. అయితే రెండు డ్రమ్ములు కారి ఒకే కాలువలో కలిస్తే, గోదాములోనూ ఇలాంటి ముప్పే ఎదురుకావచ్చు.

పొసగని జంటలు

ఆమ్లం – సోడియం సల్ఫైడ్: కలిస్తే హైడ్రోజన్ సల్ఫైడ్ పుడుతుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది. మోతాదు పెరిగితే ఈ వాయువు ముక్కుకు వాసన తెలిసే శక్తినే మొద్దుబారుస్తుంది. వాసన ఆగిందంటే ప్రమాదం తొలగినట్టు కాదు.

ఆమ్లం – హైపోక్లోరైట్ బ్లీచ్: ఊపిరితిత్తులను దెబ్బతీసే క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

గాఢ ఆమ్లం – కాస్టిక్ సోడా: తీవ్రమైన వేడి పుట్టి ద్రావణం ఎగజిమ్ముతుంది.

పెరాక్సైడ్ – తుప్పు, లోహపు పొడి, హైడ్రోస్: పెరాక్సైడ్ వేగంగా విచ్ఛిన్నమై వేడి, ఆక్సిజన్ విడుదలవుతాయి. దగ్గర్లో కాలే వస్తువు ఉంటే అగ్నికి ఆజ్యం పోసినట్టే.

హైడ్రోస్ – తేమ: కొద్దిపాటి తడి తగిలినా తనంతట తానే వేడెక్కి, సల్ఫర్ డయాక్సైడ్ వదులుతూ అంటుకోవచ్చు. 1995లో అమెరికాలోని న్యూజెర్సీ రాష్ట్రం లోడై పట్టణంలో హైడ్రోస్, అల్యూమినియం పొడి కలుపుతున్న యంత్రంలో పేలుడు జరిగి ఐదుగురు మరణించారు. లోపలికి నీరు చేరడమే కారణమై ఉంటుందని దర్యాప్తు చేసినవారు భావించారు. వానాకాలంలో ఖాడీలు పొంగితే పర్వత్ పాటియా చుట్టుపక్కల వీధుల్లోకి నీళ్లొస్తాయి. అలాంటి చోట హైడ్రోస్ డబ్బాలను నేలమీద ఉంచడం ఎంత ప్రమాదమో వేరే చెప్పాలా?

ఎలా సర్దాలి?

అక్షర క్రమంలోనో, ఖాళీ ఉన్న చోటనో కాకుండా స్వభావాన్ని బట్టి సర్దాలి. ఆమ్లాలు, క్షారాలు, ఆక్సీకరణులు, మండే ద్రవాలు, తడి పడనివి: వీటికి వేర్వేరు గదులు గానీ, మధ్యలో గోడ గానీ ఉండాలి. ఎడంగా ఉంచితే సరిపోదు. ద్రవం నేల వాలును బట్టి పారుతుంది కనుక ఒక్కో వర్గం కింద విడి తొట్టె ఉండాలి. అందులోని అతి పెద్ద డ్రమ్ము మొత్తం కారిపోయినా ఆ తొట్టె పట్టాలి. వేర్వేరు వర్గాల కాలువలు కలవకూడదు.

కొలిచే మగ్గు విషయంలోనూ ఇదే నియమం. ఆమ్లం తీసిన మగ్గును హైడ్రోస్ డబ్బాలో ముంచకూడదు. మూత తీసిన డబ్బాను వెంటనే బిగించాలి. ఖాళీ డ్రమ్ములో వేరే రసాయనం పోస్తే పాత పేరు అలాగే మిగిలి, తర్వాతి షిఫ్టువారిని మోసం చేస్తుంది.

ప్రతి రసాయనానికీ భద్రతా సమాచార పత్రం ఉంటుంది. అందులోని 16 భాగాల్లో 7వది నిల్వ పద్ధతిని, 10వది ఏది దేనితో పొసగదో చెబుతుంది. ఆ రెంటినీ కార్మికులకు అర్థమయ్యే భాషలో గోడకు అతికించాలి. సూరత్‌లో అది గుజరాతీ, హిందీలతో పాటు తెలుగు, ఒడియా కూడా కావచ్చు.

వింత వాసన, పొగ, డ్రమ్ము వేడెక్కడం కనిపిస్తే దగ్గరకెళ్లి చూడవద్దు. గాలి వీచే దిశకు అడ్డంగా దూరం జరిగి, అందరినీ హెచ్చరించి, అగ్నిమాపక దళానికి చెప్పాలి. తగిన శ్వాస పరికరం లేకుండా పడిపోయినవారిని కాపాడబోతే, వెళ్లినవారు కూడా అక్కడే కుప్పకూలే ప్రమాదం ఉంది.

ఈ రోజు గోదాములోకి వెళ్లినప్పుడు పక్కపక్కనే ఉన్న ఏ రెండు డ్రమ్ములనైనా చూసి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ రెండూ ఒకేసారి కారితే ఏమవుతుంది? జవాబు తెలియకపోతే, తెలిసే దాకా వాటిని వేరుచేసి ఉంచమని మేనేజరుకు చెప్పండి.