ప్రయోగముల పుస్తకము వ్రాయు విధము



మన పాఠశాలలో పదవ తరగతి ముగించి, ఇప్పుడు నగరమున బి.ఎస్సీ. చదువుచున్న కొండకల్ బాలుడొకడు మొన్నటి సెలవులలో మా యింటికి వచ్చెను. చేతిలో భౌతికశాస్త్రపు రికార్డు పుస్తకము, ముఖమున దిగులు. ప్రాయోగిక పరీక్ష సమీపించినది. చేయవలసిన ప్రయోగములలో మూడు మిగిలియున్నవి. చేసినవానిలో లోలకముతో గురుత్వ త్వరణమును కనుగొను ప్రయోగము మాత్రము పుస్తకములోని విలువకు సరిపోలేదట. నా పాత రికార్డు ఉన్నయెడల ఇమ్మనియు, చూచి వ్రాసికొందుననియు అడిగెను.

పెట్టె తెరచి నా రికార్డు తీసితిని. వాడు కోరిన పుటలు గాక, మొదటి ప్రయోగము వ్రాసిన పుటను వాని ముందుంచితిని. ఆ పుటలో ఒక అబద్ధమున్నది. ఇరువది యేండ్లకు పైగా దానిని దాచియుంచితిని. ఇప్పుడు మీకును చెప్పుచున్నాను.

అది లఘు లోలకపు ప్రయోగము. దారపు చివర 2 సెంటీమీటర్ల వ్యాసము గల లోహపు గుండు. దారము పొడవు 99 సెంటీమీటర్లు. ఇరువది డోలనములకు పట్టిన కాలము స్టాప్ వాచీలో 40.2 సెకనులు, అనగా ఒక డోలనమునకు 2.01 సెకనులు. పొడవును 39.48 చే గుణించి, ఆవర్తన కాలపు వర్గముచే భాగించినచో గురుత్వ త్వరణము వచ్చును. నాకు 967 వచ్చెను. పుస్తకములో 981 అని యున్నది. ప్రక్కవారందరికి 980, 981 వచ్చినవి. ఎట్లు వచ్చినవో అప్పుడు నేనడుగలేదు. 40.2 ను కొట్టివేసి 39.9 అని వ్రాసితిని. లెక్క 982 అయ్యెను. సంతకమును దొరకెను.

నిజమున జరిగిన తప్పేమి? లోలకపు పొడవును దారము కట్టిన చోటినుండి గుండు నడిమి వరకు కొలువవలెను. నేను గుండు పైభాగము వరకే కొలిచితిని. గుండు వ్యాసార్ధమగు 1 సెంటీమీటరు విడిచిపోయినది. దానిని కలిపి 100 గా తీసికొని, నేను చూచిన 40.2 నే యుంచి లెక్కించిన 977 వచ్చును! నా గడియారము నిజమే చెప్పినది. నేను తప్పుగానున్న పొడవును విడిచి, సరిగానున్న కాలమును దిద్దితిని. 967 అనియే వ్రాసియున్నయెడల ఉపాధ్యాయుడు చూచినంతనే "గుండు సంగతి మరచితివా?" అని యడిగియుండును. 982 ను చూచి ఎవరేమి అడుగగలరు?

ఇంకొక మాట. 981 అను విలువ మన ఊరిది కానే కాదు. అది లండను ప్రాంతమునకు తగినది. భూమి తన చుట్టు తాను తిరుగుచుండుటవలనను, నడుము వద్ద కొంత ఉబ్బియుండుటవలనను, ఆ విలువ భూమధ్యరేఖ వద్ద 978, ధ్రువముల వద్ద 983 గా నుండును. హైదరాబాదు సుమారు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశమున, సముద్రమట్టమునకు 500 మీటర్లకు పైగా ఎత్తున నున్నది. ఇచ్చట అది రమారమి 978. కనుక నేను కొట్టివేసిన అంకెయే మన నేల యొక్క అంకెకు దగ్గరిది.

ఈ భేదము లోకమునకు తెలిసినదియు లోలకము వలననే. 1672లో ఫ్రాన్సు దేశపు ఖగోళజ్ఞుడు రిషే దక్షిణ అమెరికాలోని కేయెన్ అను చోటికి పోగా, పారిసులో సరిగా నడచిన ఆయన లోలకపు గడియారము అచ్చట దినమునకు రెండున్నర నిమిషములు వెనుకబడెను. గడియారము చెడినదని ఆయన సరిపెట్టుకొనలేదు. చూచినది చూచినట్లు వ్రాసెను. న్యూటను 1687లో అచ్చువేసిన తన గ్రంథమున, భూమి నడుమున ఉబ్బియున్నదనుటకు దానిని సాక్ష్యముగా గైకొనెను. మన దేశమునను సర్వే శాఖవారు 1865 మొదలు లోలకములను ఊరూర మోసికొనిపోయి ఇట్టి పరిశీలనలు చేసిరి. ఆ పనిలోనున్న కెప్టెన్ బసేవి 1871లో లదాఖు ఎత్తులమీద ప్రాణము విడిచెను.

ఇక వ్రాయు పద్ధతి. కొలత తీసినప్పుడే, ఆ బల్ల యొద్దనే, సిరాతో పరిశీలన పుస్తకమున వ్రాయవలెను. చిత్తు కాగితమున వ్రాసికొని ఇంటికి పోయి ఎక్కించుట మంచిది కాదు; త్రోవలో అంకెలు మారుచుండును. తప్పు పడినయెడల దాని క్రింది అంకె కనబడునట్లు ఒకే గీతతో కొట్టి, ప్రక్కను కారణము వ్రాయుడు. గుండును వదలునప్పుడు "ఒకటి" అనక "సున్న" అనుడు. "ఒకటి" అన్నచో పందొమ్మిది డోలనములే ఇరువదిగా లెక్కకు వచ్చి, ఫలితము 1080 పైబడును. ఇట్లు ప్రతి తప్పు తన యడుగుజాడను అంకెలలో విడిచిపోవును. దిద్దినవాడు ఆ జాడను చెరిపివేయును.

ఫలితమును 977.20 అని వ్రాయుట గొప్పతనము గాదు. 40 సెకనులలో పదవ వంతు సెకను పొరబడినను ఫలితము 5 వరకు మారును. కావున 977, అటునిటు 5 అని వ్రాయుటయే న్యాయము. ఒక్క పొడవుతో తృప్తిపడక అయిదారు పొడవులతో చేసి, కాలవర్గమును దారపు పొడవునకు ఎదురుగా గ్రాఫు గీసినచో, సరళరేఖ సున్న గుండ పోక, పొడవు అక్షమును సున్నకు 1 సెంటీమీటరు వెనుక తాకును. నేను విడిచిన వ్యాసార్ధము అచ్చట కూర్చుండి యుండును! అంతటి సాధనము చేతనుండగా రబ్బరును ఆశ్రయించితిని.

మిగిలిపోయిన ప్రయోగముల సంగతి. వానిని చేయుటకు మరియొక దినమిమ్మని ప్రయోగశాల ఉపాధ్యాయుని అడుగుమని ఆ బాలునితో చెప్పితిని. సిగ్గనిపించెను గాని ఒప్పుకొనెను. మూడింటిలో రెండు పూర్తియై, మూడవది సగమే అయినయెడల సగమే వ్రాసి, "కాలము చాలలేదు" అని క్రింద వ్రాయవలెను. గ్రాఫునకు నాలుగు బిందువులే దొరకినచో నాలుగే పెట్టవలెను. మార్కులు కొన్ని పోవును. పోవునని వానికి దాచక చెప్పితిని.

మీలో చిన్నవారికి ఇంటనే చేయదగినది ఒకటి కలదు. గుండు అక్కరలేదు. గులకరాతికి దారము గట్టి గుమ్మమునుండి వ్రేలాడదీయుడు. రాతి నడిమి ఎచ్చటనో తెలియదు గదా! అందుచే ముడి వరకు 100 సెంటీమీటర్లుంచి ఒకమారు, 60 ఉంచి ఒకమారు, కొద్దిగా మాత్రమే ఊపి, ఇరువదేసి డోలనముల కాలము చూడుడు. రెండు ఆవర్తన కాలముల వర్గముల భేదముచే 40 ని భాగించి, 39.48 చే గుణించుడు. తెలియని ఆ కొంచెము పొడవు రెండింట సమముగా నుండుటచే తీసివేతలో పోవును. మధ్యలో ఎంత రావలెనో ఇచ్చట వ్రాయను. వచ్చిన అంకెలను బడి తెరచిన దినమున నాకు తెచ్చి చూపుడు, కొట్టివేతలతో సహా.