చెట్టు చుట్టు త్రవ్వువాడు

వేదపాఠము: లూకా 13:1–9, ఎఫెసీయులకు 6:4

రాయ్‌పూర్ ప్రాంతపు నేలలకు ఛత్తీస్‌గఢ్ రైతులు నాలుగు పేర్లు పెట్టియున్నారు. మెట్టమీది గులకనేల భాటా. దాని దిగువ పసుపువన్నె మటాసి, పిమ్మట డోర్సా, అన్నిటికంటె పల్లమున నల్లని జిగటనేలయైన కన్హార్. ఈ కన్హార్ వానకాలమున నీటిని విడువదు, వేసవిలో నెఱ్ఱెలు విచ్చును. 1931లో విజయనగరమునుండి రాయ్‌పూర్ వరకు రైలుమార్గము పూర్తియైనది. ఆ దారిని వచ్చి ఇచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు తమ ఊరి అలవాట్లను వెంట తెచ్చుకొనుట సహజమే. అంట్లు కడిగిన నీళ్లు, బియ్యము కడిగిన నీళ్లు పెరటిచెట్టు మొదట పోయుట అట్టి యొక అలవాటు. విజయనగరపు ఎఱ్ఱనేలలో ఆ నీరు ఇట్టే యింకును. కన్హార్‌లో మొదటనే నిలుచును.

అట్టి యొక ఇంటిని ఊహించుకొనుడి. బిడ్డ పుట్టిన యేట నాటిన నిమ్మచెట్టు పెరటిలో నున్నది. ఇద్దరికిని ఏడేండ్లు. చెట్టు ఆకులు ఈనెలవెంబడి పసుపుబారుచున్నవి, రెమ్మలు కొనలనుండి ఎండుచున్నవి, మొదట బెరడు పగిలి బంక కారుచున్నది. నిమ్మజాతికి వచ్చు బంకతెగులు ఇదియే. నీరు నిలిచిన మట్టిలో పెరుగు సూక్ష్మజీవి దీనికి కారణము. చెట్టు వాడుచున్నదని తల్లి మరి రెండు బిందెలు పోయును!

బిడ్డ సంగతియు అట్లే యున్నది. బడిలో హిందీ, వీధిలో ఛత్తీస్‌గఢీ, ఇంటిలో తెలుగు. కుటుంబ ప్రార్థనలో తెలుగు బైబిలు చదువుమనగా తడబడును. తండ్రి చుట్టముల యెదుటనే తప్పుపట్టి, ప్రతిసారి మొదటినుండి చదివించును. కొన్నాళ్లకు బిడ్డ ప్రార్థనవేళ నోరు తెరచుటయే మానెను. “వీనికి వాక్యమనిన ఆసక్తి లేదు” అని తండ్రి నిర్ణయించెను. చెట్టునుగూర్చియు, “నరికించి వేరొకటి పెట్టుదము” అనెను.

ప్రభువు చెప్పిన ఉపమానములో యజమానుడు మూడేండ్లు ఫలము వెదకి, దొరకక విసిగెను. తోటమాలి ఆ లెక్క తప్పనలేదు, చెట్టు మంచిదని వాదింపనూ లేదు. ఒక యేడు గడువడిగి, ఆ యేట తాను చేయబోవు పని చెప్పెను. గ్రీకు మూలములో అతని మనవి “అఫెస్” అను మాటతో మొదలగును. విడిచిపెట్టుము, ఉండనిమ్ము అని దాని భావము. లూకా 11:4లో, ప్రభువు నేర్పిన ప్రార్థనలో, పాపక్షమాపణ వేడుకొనుటకును ఈ రూపమే యున్నది. కనుక ఇచ్చటకూడ క్షమించుమని అనువదింపవలెనని కాదు, సందర్భము వేరు. అయినను గ్రీకు ఎరిగినవాని చెవికి ఆ రెండవ ధ్వని వినబడకపోదు. విడిచిపెట్టుమని యజమానుని వేడుకొనినవాడు తాను మాత్రము చెట్టును విడిచిపెట్టలేదు. చుట్టును త్రవ్వి ఎరువు వేయుటకు సిద్ధపడెను.

నిమ్మచెట్టుకు చేయవలసిన చికిత్సయు ఇంచుమించు అట్టిదే. మొదట నీళ్లు పోయుట మానవలెను. కాండముమీదికి ఎక్కిన మట్టిని తీసివేసి, కుళ్లిన బెరడును బ్రతికియున్న భాగము తగులువరకు పదునైన కత్తితో గీకవలెను. 100 గ్రాముల మైలుతుత్తమును అర లీటరు నీటిలోను, 100 గ్రాముల సున్నమును మరి యర లీటరులోను వేరువేరుగా కలిపి, పిమ్మట రెంటిని చేర్చి ఆ గాయమునకు పూయవలెను. ఇనుప పాత్ర పనికిరాదు. మైలుతుత్తము విషము గనుక బిడ్డకు అందనీయరాదు. కాండముచుట్టు మట్టిని గట్టుగా పోసి, పాదును దాని వెలుపల చేసినయెడల నీరు బెరడును తాకక వేళ్లకు అందును. జూను మాసమున వానలు రాకముందే నీరు పోవుటకు కాలువ తీయవలెను. బెరడు చుట్టును కుళ్లినయెడల చెట్టు దక్కదు. కొంత మిగిలియున్నయెడల ఆ అంచునుండి క్రొత్త బెరడు మెల్లగా అల్లుకొనును. అది ఒక వానకాలముతో తీరు పని కాదు.

ఎఫెసీ పత్రికలో పౌలు తండ్రులకు చెప్పిన క్రమమును గమనింపుడి. పెంచుడని చెప్పకమునుపు, బిడ్డలకు కోపము పుట్టింపవలదనెను. మానవలసినది ముందు, చేయవలసినది తరువాత. పెంచుటకు అతడు వాడిన క్రియ 5:29లో మనుష్యుడు తన శరీరమును పోషించుకొను తీరునకు వాడినదే. తన చేతి పుండును చుట్టముల యెదుట ఎవడు గిల్లుకొనును?

ఉపమానము చివర నరుకుమను మాటయు ఉన్నది. దానిని బిడ్డలపై ప్రయోగించు పెద్దలు కొందరు లేకపోలేదు. అది అన్యాయమైన వ్యాఖ్యానము. ఈ ఉపమానము చిన్నపిల్లలనుగూర్చి చెప్పబడలేదు. పైనున్న అయిదు వచనములు పశ్చాత్తాపమునకు పిలుపు, వినుచున్నవారు ఇతరుల తప్పులు లెక్కించుచున్న పెద్దలు. రాయ్‌పూర్‌లోని ఆ యింట గడువు పొందిన అంజూరపుచెట్టు తండ్రియే.

అతడు గునపము దించి, కాళ్లు కడుగుకొని ప్రార్థనకు కూర్చుండును. బిడ్డను ప్రక్కను కూర్చుండబెట్టుకొని, ఒక వచనము తాను చదివి, మరుసటిది వానికి చూపును. మూడవ మాటయొద్ద వాడు తడబడి తండ్రి ముఖము చూచును. తండ్రి ఏమియు అనడు. వాడు తరువాతి మాటకు పోవును.