ఉదయగిరికి దగ్గర సర్వర్ ఏది?

ఉదయగిరికి ఆత్మకూరు బస్సులో దగ్గరే. కానీ ఈ రెండు ఊళ్ల ఫోన్ల మధ్య డేటా చెన్నైకో హైదరాబాదుకో వెళ్లి రావచ్చు. డౌన్‌లోడ్ లెక్కలో దగ్గర అంటే రోడ్డు దూరం కాదు, నెట్‌వర్క్ దారి.

వీఎల్‌సీ డౌన్‌లోడ్ నొక్కామనుకోండి. మిర్రర్‌బిట్స్ అనే ప్రోగ్రామ్ మన ఐపీ అడ్రస్‌ని జియోఐపీ పట్టికలో వెతికి, అదే ఫైలు నకలున్న దగ్గరి సర్వర్‌కి, అంటే మిర్రర్‌కి, పంపిస్తుంది. దీనివల్ల లాభమేంటి? ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. 7,500 కిలోమీటర్ల అవతలికి వెళ్లి రావడానికి కనీసం 75 మిల్లీసెకన్లు పడుతుంది. 200 కిలోమీటర్లయితే 2 చాలు. టీసీపీ కొంత డేటా పంపి జవాబు కోసం ఆగుతుంది కాబట్టి ఆ తేడా స్పీడులో తెలుస్తుంది.

అయితే ఐపీ మన ఇంటి చిరునామా కాదు. మొబైల్ నెట్‌వర్క్‌లో చాలామందికి ఒకటే పబ్లిక్ ఐపీ. ఉదయగిరిలో ఉన్నా పట్టిక చెన్నై అని చూపించొచ్చు. దేశం దాదాపు సరిగ్గానే వస్తుంది, ఊరిని మాత్రం నమ్మలేం.

అందుకే ఉబుంటు అప్‌డేట్లకి నేను ‘సెలెక్ట్ బెస్ట్ సర్వర్’ వాడతాను. అది ఊరు చూడదు, ఏ సర్వర్ త్వరగా జవాబిస్తుందో కొలుస్తుంది. రోజుకింత అని డేటా లెక్కపెట్టి వాడే మన ఊళ్లలో, డౌన్‌లోడ్ సగంలో ఆగితే ఆ రోజు ప్రాక్టీస్ కూడా ఆగినట్టే. ఒకసారి మీరూ కొలిచి చూడండి.