మంచు కురిసే చోట అలంకార కాంక్రీటు

పాఠం 14

14.0 పరిచయం

మీ ఇంటి వాకిలినీ, మెట్లనూ ఒకసారి గుర్తుకు తెచ్చుకోండి. చాలా ఇళ్ళలో అవి సిమెంటు గచ్చుతోనే ఉంటాయి. మేస్త్రీ కాంక్రీటు పోస్తాడు. పైన కాస్త నీరు, సిమెంటు పొడి చల్లుతాడు. తాపీతో అద్దంలా నునుపు చేస్తాడు. ఎర్ర ఆక్సైడు కలిపితే గచ్చుకు మంచి రంగు కూడా వస్తుంది. మన ప్రాంతంలో ఇటువంటి గచ్చు ఏళ్ళ తరబడి చెక్కుచెదరకుండా ఉంటుంది.

ఇదే గచ్చును ఇదే పద్ధతిలో సిమ్లాలోనో, మనాలిలోనో ఆరుబయట వేశారనుకోండి. కొద్ది శీతాకాలాలకే పైపొర పెచ్చులుగా లేచిపోవచ్చు. మేస్త్రీ చేతిలో పనితనం ఉంది. సిమెంటు కూడా మంచిదే. అయినా గచ్చు ఎందుకు పాడైంది? మన ఊరిలో పనికివచ్చిన పద్ధతి అక్కడ ఎందుకు పనికిరాలేదు?

ఇది అందానికి మాత్రమే సంబంధించిన ప్రశ్న కాదు. పెచ్చులు లేచిన మెట్టు మీద నీరు నిలుస్తుంది. ఆ నీరు రాత్రికి గడ్డకడుతుంది. తెల్లవారుజామున దానిపై కాలు పెట్టిన వృద్ధులు జారిపడతారు. ఇంటివారి డబ్బు, మేస్త్రీ పేరు రెండూ పోతాయి. మీరు నిర్మాణ పనులలో ఉన్నా, పని కోసం ఉత్తరాదికి వెళ్ళదలచినా, అమెరికా, కెనడాల్లోని మీ బంధువుల ఇంటి ముందు రంగుల కాంక్రీటు చూసి ఆశ్చర్యపోయినా ఈ పాఠం మీకు ఉపయోగపడుతుంది.

14.1 ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
• గడ్డకట్టే నీరు కాంక్రీటును ఎలా పగులగొడుతుందో వివరించగలుగుతారు;
• చలి ప్రాంతానికి తగిన కాంక్రీటు మిశ్రమం లక్షణాలు చెప్పగలుగుతారు;
• అలంకరణ పద్ధతులలో మంచుకు తట్టుకొనేవాటిని ఎంచుకోగలుగుతారు;
• ఒక చిన్న నడకదారికి కావలసిన సామగ్రిని లెక్కకట్టగలుగుతారు.

14.2 నీరు గడ్డకడితే ఏమవుతుంది?

చేసి చూడండి: ఒక ప్లాస్టిక్ గ్లాసులో సగానికి పైగా నీరు పోయండి. నీటి మట్టం దగ్గర బయటివైపు గీత గీయండి. ఒక రాత్రి ఫ్రిజ్‌లో మంచుగడ్డలు తయారయ్యే అరలో ఉంచండి. ఉదయం చూస్తే మంచు మట్టం గీత కంటే పైన ఉంటుంది. గాజు గ్లాసు వాడకండి, అది పగిలిపోవచ్చు.

నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. కాంక్రీటు మన కంటికి రాయిలా గట్టిగా కనిపించినా, దాని నిండా కంటికి ఆనని సన్నని రంధ్రాలు ఉంటాయి. వాన నీరు, కరిగిన మంచు ఆ రంధ్రాలలోకి ఇంకుతాయి. రాత్రి చలికి ఆ నీరు గడ్డకట్టి వ్యాకోచిస్తుంది. చోటు చాలక చుట్టూ ఉన్న సిమెంటు ముద్దను లోపలి నుంచి నెడుతుంది. ఒకసారి జరిగితే కనిపించని పగులు వస్తుంది. పగలు మంచు కరిగి ఆ పగులులోకి మరికొంత నీరు చేరుతుంది. రాత్రి మళ్ళీ గడ్డకడుతుంది. ఇలా పదేపదే జరిగితే పైపొర ఊడిపోతుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన విషయం గమనించండి. కాంక్రీటుకు అసలు శత్రువు చలి కాదు, తడిసి ఉన్నప్పుడు వచ్చే చలి. లేహ్ పట్టణం సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ జనవరిలో పగలు కూడా చాలా రోజులు ఉష్ణోగ్రత సున్నాకు దిగువనే ఉంటుంది. గడ్డకట్టిన నీరు అలాగే ఉండిపోతుంది. మార్చి నెలలో మాత్రం పగటి ఎండకు మంచు కరిగి, రాత్రికి మళ్ళీ గడ్డకడుతుంది. కాంక్రీటుకు అప్పుడే ఎక్కువ పరీక్ష. సిమ్లా అంత చల్లని ఊరు కాదు. కాని అక్కడ మంచు పడడం, కరగడం, చల్లని రాత్రుళ్ళు తిరిగి గడ్డకట్టడం ఒకే శీతాకాలంలో పలుమార్లు జరుగుతాయి. కాబట్టి ‘మా ఊరిలో చలి తక్కువే’ అన్న ధీమా పనికిరాదు.

14.3 కాంక్రీటు లోపల ఏముండాలి?

నీరు వ్యాకోచించక మానదు. మరి దానికి చోటెక్కడ? ఆ చోటును మనమే ముందుగా కల్పించాలి.

1930లలో అమెరికాలో రోడ్లు పరిశీలించిన ఇంజనీర్లు ఒక వింత గమనించారు. కొన్ని రోడ్ల ముక్కలు చలికి పాడవుతుంటే, మరికొన్ని చెక్కుచెదరకుండా ఉన్నాయి. బాగున్న రోడ్లకు వాడిన సిమెంటును మరపట్టేటప్పుడు పశువుల కొవ్వు కలిపినట్లు తేలింది. ఆ కొవ్వు వల్ల కాంక్రీటులో లెక్కలేనన్ని సన్నని గాలి బుడగలు ఏర్పడ్డాయి. గడ్డకట్టే నీరు ఈ బుడగలలోకి సర్దుకుంటుంది. అందువల్ల ఒత్తిడి తగ్గుతుంది. నేడు ఇందుకోసం గాలి బుడగలను కల్పించే ద్రవరూప రసాయనాలను కలుపుతున్నారు.

భారతీయ ప్రమాణం ఐఎస్ 456, 2000 సంవత్సరపు సవరణలో, తడిసి గడ్డకట్టే చోట ఎం 50 కంటే తక్కువ శ్రేణి కాంక్రీటుకు గాలి ఎంత ఉండాలో చెప్పింది. కంకర గరిష్ఠ పరిమాణం 20 మి.మీ. అయితే కాంక్రీటు ఘనపరిమాణంలో గాలి 5 శాతం ఉండాలి. ఒక శాతం అటూ ఇటూ ఉండవచ్చు. గాలి మరీ ఎక్కువైతే బలం తగ్గుతుంది. కాబట్టి రసాయనాన్ని కళ్ళతో అంచనా వేసి కాక, తయారీదారు చెప్పిన కొలత ప్రకారమే వేయాలి.

రెండవ విషయం నీరు. కలిపేటప్పుడు ఎక్కువ నీరు పోస్తే పని సులువవుతుంది. కాని ఆ అదనపు నీరు ఆవిరైన చోటల్లా రంధ్రాలు మిగులుతాయి. తీవ్రంగా గడ్డకట్టే పరిస్థితులలో నీటి బరువు సిమెంటు బరువులో 0.45 వంతు మించరాదని అదే ప్రమాణం చెబుతుంది.

పాఠ్యగత ప్రశ్నలు 14.1

1. నీరు గడ్డకట్టినప్పుడు దాని ఘనపరిమాణం సుమారు ____ శాతం పెరుగుతుంది.
2. కాంక్రీటులోని గాలి బుడగల ప్రయోజనం ఏమిటి?
3. ‘కాంక్రీటు కలిపేటప్పుడు నీరు ఎక్కువైతే మంచిది.’ ఇది తప్పా, ఒప్పా?

14.4 కింది నేల, వాలు, కీళ్ళు

అలంకరణ పైన కనిపిస్తుంది, కాని దాని ఆయుష్షు కింద మొదలవుతుంది. ఒండ్రు వంటి మెత్తని మట్టి నీటిని పట్టి ఉంచుతుంది. చలికి ఆ నీరు మంచు పొరలుగా మారి పైనున్న పలకను ఎత్తివేస్తుంది. కాబట్టి మెత్తని మట్టి తీసివేసి, 100 నుంచి 150 మి.మీ. మందాన కంకర పరచి దిమ్మిస కొట్టాలి. కంకరలోంచి నీరు జారిపోతుంది.

పలక మీద నీరు నిలవకుండా వాలు ఇవ్వాలి. ఇంటి గోడ నుంచి బయటికి మీటరుకు 20 మి.మీ. వాలు ఉంటే చాలు.

కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది. అది తనకు నచ్చిన చోట పగలకుండా, మనమే గీతలు కోసి దారి చూపాలి. గీత లోతు పలక మందంలో నాలుగో వంతు ఉండాలి. గీతల మధ్య దూరం పలక మందానికి 24 నుంచి 30 రెట్లు మించరాదు. ముక్కలు వీలైనంత చదరంగా ఉండాలి. అచ్చు పద్ధతిలో ఈ గీతలను రాళ్ళ మధ్య సందులలో కలిపేస్తే, అవి డిజైనులో భాగంగానే కనిపిస్తాయి.

14.5 ఏ అలంకరణ ఎంచుకోవాలి?

(అ) చీపురు గీతలు: కాంక్రీటు కొంత గట్టిపడ్డాక గట్టి చీపురును అడ్డంగా లాగుతారు. ఖర్చు దాదాపు లేదు. కాలు జారదు. మెట్లకు ఇదే ఉత్తమం. అంచుల చుట్టూ నునుపైన పట్టీ వదిలితే చూడముచ్చటగా ఉంటుంది.

(ఆ) తేలిన గులకరాళ్ళు: పైపొర పూర్తిగా గట్టిపడకముందే కడిగి, బ్రష్షుతో రుద్ది లోపలి రాళ్ళను బయటపెడతారు. దీనికి పట్టు ఉంటుంది, అరుగుదల కూడా తక్కువ. అయితే రాళ్ళు గట్టివి కావాలి. నీరు పీల్చే మెత్తని పలకరాయి ముక్కలుంటే, అవి గడ్డకట్టి పైకి ఎగిరిపోతాయి. అక్కడ గుంటలు మిగులుతాయి.

(ఇ) అచ్చు నమూనాలు: మెత్తగా ఉన్నప్పుడే రబ్బరు అచ్చులతో నొక్కి, రాయి, ఇటుక, చెక్క ఆకారాలు తెస్తారు. చాలా అందంగా ఉంటుంది. కాని లోతైన అచ్చుల పల్లాలలో నీరు నిలుస్తుంది. ఎత్తైన అంచులు మంచు తీసే పారకు తగిలి చిట్లుతాయి. మంచు ప్రాంతంలో లోతు తక్కువ ఉన్న అచ్చునే ఎంచుకోవాలి.

(ఈ) రంగు: పైన చల్లే రంగు పలుచని పొర. పెచ్చు లేస్తే కింద బూడిద రంగు బయటపడుతుంది. మొత్తం మిశ్రమంలో కలిపిన రంగుకు ఆ ఇబ్బంది లేదు. ఇనుప ఆక్సైడు రంగులు ఎండకు వెలిసిపోవు. ఎత్తైన ప్రాంతాలలో ఎండ తీక్షణంగా ఉంటుంది కాబట్టి ఇది ముఖ్యం. మసిబొగ్గు నుంచి చేసిన నలుపు రంగు గాలి బుడగలను తగ్గించగలదు. దాన్ని జాగ్రత్తగా పరీక్షించి వాడాలి.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు రండి. మన నునుపు గచ్చు అక్కడ ఎందుకు పాడైంది? పైన నీరు చల్లి రుద్దడం వల్ల పైపొరలో నీరు ఎక్కువై అది బలహీనపడింది. ఇనుప తాపీతో గట్టిగా రుద్దడం వల్ల అక్కడి గాలి బుడగలు పోయాయి. నునుపు వల్ల కాలు జారే ప్రమాదం కూడా వచ్చింది. ఇంటి లోపల నునుపు గచ్చు నిక్షేపంగా వేసుకోవచ్చు. ఆరుబయట మాత్రం పైకి తేలిన నీరు ఇంకేదాకా ఆగి, చెక్క పలకతో చదును చేసి, గరుకుగా వదలాలి.

14.6 పోసే రోజు, తరువాతి రోజులు

గాలి ఉష్ణోగ్రత 5 డిగ్రీలు లేదా అంతకంటే తక్కువ ఉన్నప్పుడు చేసే పనిని చలి వాతావరణపు పనిగా ఐఎస్ 7861 రెండవ భాగం పరిగణిస్తుంది. అలంకార పనిని వేసవిలోనే ముగించడం మేలు. తప్పనిసరైతే ఈ జాగ్రత్తలు పాటించండి:

• గడ్డకట్టిన నేల మీద కాంక్రీటు పోయరాదు.
• నీటిని వేడి చేయవచ్చు, సిమెంటును వేడి చేయరాదు. వేడి నీటిని ముందు ఇసుక, కంకరలతో కలిపి, ఆ తరువాతే సిమెంటు వేయాలి.
• త్వరగా గట్టిపడడానికి కాల్షియం క్లోరైడు వాడకండి. అది రంగు కాంక్రీటు మీద మచ్చలు తెస్తుంది, లోపలి ఇనుమును తుప్పు పట్టిస్తుంది.
• గడ్డి, దుప్పట్లు కప్పి వెచ్చగా ఉంచండి. గట్టిపడకముందే ఒక్కసారి గడ్డకట్టినా కాంక్రీటు బలం శాశ్వతంగా తగ్గుతుంది.
• క్యూరింగ్ ముగిశాక, తొలి మంచు పడేలోగా పలక బాగా ఆరడానికి సమయం ఇవ్వండి.

14.7 శీతాకాలంలో సంరక్షణ

మంచు కరగడానికి ఉప్పు చల్లడం చాలా చోట్ల అలవాటు. ఉప్పు వల్ల కాంక్రీటు మరింత తడిగా ఉంటుంది, పెచ్చులు పెరుగుతాయి. తొలి శీతాకాలంలో ఉప్పు అసలు వాడరాదు. కాలు జారకుండా ఇసుక చల్లితే చాలు. అమ్మోనియం నైట్రేటు, అమ్మోనియం సల్ఫేటు ఎరువులను ఎన్నడూ చల్లకండి. అవి కాంక్రీటును తినివేస్తాయి. మంచు తీయడానికి ఇనుప పార బదులు చెక్క లేదా ప్లాస్టిక్ పార వాడండి.

పలక మీద కొన్ని నీటి చుక్కలు వేసి చూడండి. అవి వెంటనే ఇంకిపోతే నీటిని అడ్డుకొనే పూత అవసరమని అర్థం. రంధ్రాలలోకి ఇంకి, లోపలి ఆవిరిని బయటికి పోనిచ్చే సిలేన్ రకపు పూత మంచిది. మెరిసే అక్రిలిక్ పూత తడిలో జారుతుంది. వాడవలసివస్తే సన్నని గరుకు పొడి కలిపి వాడాలి.

14.8 ఉదాహరణ లెక్క

నడకదారి పొడవు 6 మీ., వెడల్పు 1.2 మీ., మందం 100 మి.మీ. అనుకొందాం.

కాంక్రీటు: 6 × 1.2 × 0.1 = 0.72 ఘనపు మీటర్లు.
సిమెంటు: ఘనపు మీటరుకు 340 కి.గ్రా. చొప్పున 244.8 కి.గ్రా. అంటే 50 కిలోల బస్తాలు 5.
నీరు: 250 × 0.45 = 112.5 లీటర్లు. ఇసుకలోని తడిని ఇందులోంచి తగ్గించాలి.
రంగు: సిమెంటు బరువులో 4 శాతం చొప్పున 10 కి.గ్రా.
కీళ్ళు: 1.5 మీటర్లకు ఒకటి చొప్పున 3 గీతలు. ఒక్కొక్కటి 25 మి.మీ. లోతు.
వాలు: వెడల్పు వైపు 1.2 × 20 = 24 మి.మీ.

మీరు ఏం నేర్చుకున్నారు?

• కాంక్రీటును పాడుచేసేది తడితో కూడిన చలి. నీటిని రానివ్వకపోవడం, వచ్చినదాన్ని నిలవనివ్వకపోవడం, లోపల గడ్డకట్టేదానికి చోటివ్వడం అనే మూడు పనులు చేస్తే గచ్చు నిలుస్తుంది.
• గాలి బుడగలు, తక్కువ నీరు, కంకర పునాది, వాలు ముందు. రంగు, నమూనా తరువాత.
• ఆరుబయట నునుపు కంటే గరుకు మేలు.

పాఠాంత ప్రశ్నలు

1. సిమ్లా, లేహ్‌లలో కాంక్రీటుకు ఏ నెలల్లో, ఎందుకు ఎక్కువ హాని జరుగుతుందో ఆలోచించి రాయండి.
2. మంచు ప్రాంతంలో మెట్లకు ఏ అలంకరణ సూచిస్తారు? రెండు కారణాలు ఇవ్వండి.
3. 4 మీ. పొడవు, 1.5 మీ. వెడల్పు, 100 మి.మీ. మందం గల వాకిలికి కాంక్రీటు, సిమెంటు, నీరు లెక్కకట్టండి.
4. మీ ఊరి మేస్త్రీని అడిగి, నునుపు గచ్చు వేసే విధానం రాసుకోండి. మంచు ప్రాంతంలో అందులో ఏ మెట్లు మార్చాలో పక్కనే గుర్తించండి.

పాఠ్యగత ప్రశ్నలకు సమాధానాలు 14.1

1. 9.
2. గడ్డకట్టే నీరు వ్యాకోచించడానికి చోటు ఇచ్చి, ఒత్తిడిని తగ్గిస్తాయి.
3. తప్పు. అదనపు నీరు ఆవిరై రంధ్రాలు మిగులుతాయి.