ఆటపాక గూడకొంగలు – ఛాయాచిత్రములను దిద్దుట

విజయవాడలో రైలెక్కి గుడివాడ మీదుగా కైకలూరు చేరినచో, కొల్లేటి యొడ్డుననున్న ఆటపాక పక్షికేంద్రము అచ్చటి కెంతో దూరము లేదు. గత చలికాలమున మేము కొందఱు విద్యార్థులను వెంటబెట్టుకొని యచ్చటికి పోయితిమి. గూడకొంగలు, అనగా పెలికానులు, అచ్చట గుంపులుగా గూళ్లు కట్టుకొని పిల్లలను పెంచుచుండెను. మాకడ రెండు కెమెరాలుండెను. తీసిన చిత్రములను పాఠశాలకు వచ్చినపిదప కంప్యూటరుమీద దిద్దుట నేర్పితిమి. ఆ పాఠమునే యిచ్చట వ్రాయుచున్నాము. అందు మేము చేసిన తప్పునుగూడ దాచము.

మొదట వెలుతురు సంగతి. మన గూడకొంగ అచ్చపు తెలుపు కాదు, బూడిదవన్నె కలిసిన తెలుపు. మధ్యాహ్నపుటెండలో తీసినచో దాని వీపు సున్నపుముద్దవలె నగును. ఆకాశమున నెగురునపుడు తీసినచో, కెమెరా ఆకాశపు వెలుగునే లెక్కకు దీసికొని పక్షిని నల్లని నీడగా జేయును. రెండవ దోషమును కొంతవఱకు దిద్దవచ్చును; మొదటిదానిని దిద్ద వీలులేదు. ఏలయనగా, వెలుతురు మితిమీరినచోట ఈకల గీతలు చిత్రమున నమోదే కాలేదు. లేనిదానిని ఏ సాధనమును తేజాలదు. కావున హిస్టోగ్రామ్ చూచుచు, అది కుడియంచును గ్రుద్దుకొనకుండ కొంచెము తక్కువ వెలుతురుతో తీయుట మేలు.

చిత్రమును రా ఫైలుగా దాచుట యింకను మేలు. జేపెగ్‌లో ఒక్కొక్క రంగునకు 256 మెట్లే యుండును. 14 బిట్ల రా ఫైలులో 16,384 మెట్లుండును. నీడలను వెలిగించునపుడు ఈ భేదము తెలియును. అయినను నీడలను మిక్కిలి లేపినచో చిత్రమంతయు ఇసుక చల్లినట్లగును. మా పిల్లలలో పలువురు ఈ తప్పే చేసిరి.

పక్షిని మాత్రము వెలిగించి తక్కినదానిని యథాతథముగా నుంచుట క్రొత్త విద్య కాదు. పూర్వము చీకటిగదిలో కాగితముపై వెలుతురు పడుచుండగా, అట్టముక్క అడ్డుపెట్టి ఒకచోటును తేలికపఱచెడివారు. మఱియొకచోట వెలుతురు నెక్కువసేపు పడనిచ్చి నలుపుచేసెడివారు. నేడు ఆ అట్టముక్క పనిని మాస్కు చేయుచున్నది. చేయి బరువైనచో పక్షిచుట్టు తెల్లని అంచు మొలచి, కత్తిరించి యతికించిన బొమ్మవలె నుండును. మన గూడకొంగ పైముక్కుమీద వరుసగా మచ్చలుండును. తెల్ల పెలికాను నుండి దీనిని గుర్తించుటకు అదియొక ఆనవాలు. ముక్కును మితిమీరి వెలిగించినచో ఆ మచ్చలు పోవును. పక్షి పేరే మాఱిపోవును!

ఇక వెనుకటి దృశ్యము. దానిని దిద్దవలసినచోటు కంప్యూటరు కాదు, కొల్లేటి గట్టు. ఉదయపు నీరెండలో వంగి, పక్షికిని వెనుకనున్న చెట్లకును దూరమెక్కువగా నుండునట్లు చూచి, లెన్సు ద్వారమును పెద్దది చేసి తీసినచో వెనుకటిది దానంతటదియే మసకబాఱును. అట్లని గూళ్లదగ్గఱకు పోరాదు. తల్లి బెదరి లేచినచో గ్రుడ్లు ఎండకును కాకులకును విడువబడును.

మా తప్పు ఇచ్చటనే జరిగినది. ఒక విద్యార్థి తీసిన చక్కని చిత్రములో, గూడకొంగ ఇనుప స్టాండుమీది గూటిలో పిల్లకు మేత పెట్టుచున్నది. స్టాండు కన్నులకు ముల్లువలె నుండుటచే దానిని తుడిచి పచ్చని కొమ్మ నుంచుమని చెప్పినది మేమే. కుఱ్ఱవాడు రెండు సాయంత్రములు శ్రమించి అతుకు తెలియకుండ చేసెను. "కొల్లేటి పక్షి" అని పేరుపెట్టి గోడకు తగిలించితిమి. తల్లిదండ్రుల దినమున కొల్లేటి లంకగ్రామమునుండి వచ్చిన ఒక తండ్రి దానియెదుట చాలసేపు నిలిచి, "మాస్టారూ, ఇది మా ఆటపాక కాదండీ. అక్కడ ఇటువంటి కొమ్మ ఎక్కడుంది?" అనెను. మాకు మాట రాలేదు.

గూళ్లకు చెట్లు చాలనందుననే అటవీశాఖవారు ఆ స్టాండ్లను నిలిపిరి. కొల్లేటిని 1999లో అభయారణ్యముగా ప్రకటించిరి. 2002లో అది రామ్‌సార్ పట్టికలో చేరినది. సరస్సులో వెలసిన చేపలచెఱువుల గట్లను 2006లో కొట్టివేసిరి. ఈ కథ యంతయు ఆ ఇనుపకాళ్లలోనే యున్నది. మేము తుడిపించినది దానిని. 1982 ఫిబ్రవరి సంచిక ముఖచిత్రమునకై నేషనల్ జియోగ్రాఫిక్ పత్రిక గీజా పిరమిడ్లను దగ్గఱకు జరిపి, తరువాత అది తప్పని యొప్పుకొనెను. అంత పెద్దవారికే తప్పినది కాదని మేము సమాధానపడవచ్చును గాని, కుఱ్ఱవానిచేత చేయించినది మేము గదా.

అలంకారమునకు చేసినచో అట్లని చెప్పి చేయవచ్చును. దానిని మేము నిషేధింపము. వెలుతురు దిద్దుటకును అడ్డులేదు, అది అచ్చట మన కన్ను చూచినదే. పక్షి యెచ్చట బ్రదుకుచున్నదో తెలుపుటకు పెట్టిన చిత్రములో మాత్రము దాని యిల్లు మార్చరాదని నిర్ణయించుకొంటిమి. కుఱ్ఱవానిని పిలిచి మా పొరపాటు చెప్పితిమి. అతడు మొదటి ఫైలును చెఱిపివేయక దాచియుండెను. ఇప్పుడా గోడమీద అదియే యున్నది. స్టాండు తుప్పుగూడ స్పష్టముగా కనబడుచున్నది.