పాలెగాడే ‘పోలిగార్’

ప్రశ్న: పాత ఇంగ్లిష్ రికార్డుల్లో మా ప్రాంతపు దొరలను ‘పోలిగార్’ అని రాశారు. ఇది ఇంగ్లిష్ మాటేనా? అసలు అర్థమేమిటి?
– ఒక పాఠకురాలు, పుంగనూరు

జవాబు: ఇంగ్లిష్ నిఘంటువుల్లోకి ఎక్కిన మాటే గానీ, పుట్టుక మనదే. పాళెం అంటే సైనిక విడిది. ఆపై సైన్యం పోషించడానికి ఇచ్చిన సీమకూ ఆ పేరే వచ్చింది. దాన్ని ఏలేవాడు తెలుగులో పాళెగాడు లేదా పాలెగాడు, తమిళంలో పాళయక్కారన్, కన్నడ మరాఠీల్లో పాళెగార్. 1886లో యూల్, బర్నెల్ వెలువరించిన ‘హాబ్సన్-జాబ్సన్’ నిఘంటువు ఇంగ్లిష్ రూపం తెలుగు నుంచో మరాఠీ నుంచో వచ్చిందని తేల్చింది. ‘పాలిగార్’ అనే మరో వర్ణక్రమం చూసి, ‘అనేకం’ అనే అర్థమిచ్చే గ్రీకు ‘పాలీ’తో ముడిపెట్టకండి.

అర్థం కాలాన్ని బట్టి మారింది. విజయనగర కాలంలో పాలెగాడంటే కప్పం కట్టి, యుద్ధానికి బలగాన్ని పంపే సామంతుడు. 1800లో మదనపల్లె సహా దత్తమండలాలు (నిజాం అప్పగించిన ప్రాంతాలు) ఈస్టిండియా కంపెనీ చేతికొచ్చాక, అక్కడి కలెక్టర్ థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను అణచివేశాడు. అప్పటి కంపెనీ రాతల్లో ఈ మాటకు తిరుగుబాటుదారు, దోపిడీదారు అనే ఛాయ అంటుకుంది. లొంగినవారు జమీందారులయ్యారు; అప్పటి ఉత్తర ఆర్కాటు జిల్లాలో మీ పుంగనూరు, కుప్పం వైపు కంగుంది అలాంటి జమీందారీలుగా ఉండేవి.

కాబట్టి పాత రికార్డుల్లో ‘పోలిగార్’ కనిపిస్తే, ముందు ఆ కాగితం ఏ ఏటిదో, ఎవరు రాశారో చూడండి.